జోగయ్య లెక్కపెట్టిన ముడులు

జోగయ్య పేరు నేను మొదట చూసింది ఒక పోలీసు కాగితం అడుగున. వంకరటింకర అక్షరాలు, చివరి అక్షరం గీత దాటి కిందికి జారిపోయింది. సంతకానికి పైన ఒక వాక్యం ఉంది: స్వాధీనం చేసుకున్న నైలాను వల ఒకటి, విలువ ముప్పై ఎనిమిది వేలు. అది చదివి పేజీ తిప్పేశాను. పన్నెండేళ్లుగా శ్రీకాకుళం కోర్టులో వకీలుగా ఉన్నదాన్ని, అక్కడే ఆగాల్సింది. ఆగలేదు. ఈ కథలో మొదటి తప్పు నాదే కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను.

నా పేరు అనూరాధ. సొంతూరు విజయనగరం. ఫీజు ఇచ్చుకోలేని ముద్దాయిలకి ప్రభుత్వం పెట్టే ఉచిత వకీళ్లలో నేనొకదాన్ని. అలా నా చేతికి వచ్చినవాడు ఈశ్వర్. శ్రీకూర్మం దాటి సముద్రం వైపు పోతే వచ్చే గుల్లలపేట వాడిది. ఇరవై తొమ్మిదేళ్లు, భార్య, ఇద్దరు పిల్లలు. ఎండాకాలంలో రెండు నెలలు వేట మీద నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో పడవలు ఒడ్డున ఉంటాయి, వలలు కొట్లలో ఉంటాయి. పోతురాజు అనే పడవ యజమాని కొట్టులోంచి ఈశ్వర్ ఒక వల ఎత్తుకుపోయి, తన ఇంటి వెనక తాటాకుల కింద దాచాడు. ఆరేళ్లు ఆ వల లాగిన తనని కాదని, రాబోయే వేటకి పోతురాజు ఇంకొకడిని మాట్లాడుకున్నందుకు ఉక్రోషం. మూడో రోజు పోలీసులు వచ్చి తాటాకులు లాగితే వల అక్కడే ఉంది. బుకాయించడానికి కూడా చోటు ఉంచుకోలేదు మహానుభావుడు. ఇరవై ఆరు రోజులు జైల్లో ఉండి బెయిలు మీద బయటికి వచ్చాడు. కేసు తేలేదాకా జిల్లా దాటకూడదని షరతు పెట్టారు.

ఆ షరతే అసలు దెబ్బ. గుల్లలపేట మగవాళ్లలో సగం మంది ఆగస్టు రాగానే గుజరాతులోని వెరావల్ రేవుకి పోయి, అక్కడి పడవల మీద ఎనిమిది తొమ్మిది నెలలు పనిచేసి వస్తారు. పోతురాజు పడవలో చోటు పోయాక ఈశ్వర్‌కి మిగిలిన బతుకుతెరువు అదొక్కటే. అప్పటికి జూలై మొదటివారం. కేసు నెలలోపు తేలకపోతే వెరావల్ లేదు. రెండేళ్లు సాగితే రెండు వేటలు పోతాయి, పిల్లలు పస్తులుంటారు. అతను నా ముందు కూర్చున్నది ఈ లెక్కతోనే, కానీ అడిగింది వేరే.

“మేడమ్, నన్ను పెద్దకోర్టుకి అంపేత్తారేటి?”

వాళ్ల చినమావ ఒకడు ఎప్పుడో ఖూనీ కేసులో ఇరుక్కుంటే, కింది కోర్టు నుంచి పై కోర్టుకి పంపి, తొమ్మిదేళ్లు తిప్పారట. కోర్టంటే అతనికి తెలిసింది అదే. నేను కాస్త విసుక్కునే చెప్పాను. ఖూనీ లాంటివైతే మెజిస్ట్రేటు కాగితాలు చూసి, ఇది నేను విచారించేది కాదని సెషన్స్ కోర్టుకి అప్పగిస్తారు, దాన్ని కమిటల్ అంటారు, నీది ఆ బాపతు కాదు, ఇక్కడి మెజిస్ట్రేటు గారే తేలుస్తారు అన్నాను. అతని మొహంలో వెలుగు వచ్చింది. ఆ వెలుగు నేనే ఆర్పాల్సి వచ్చింది. ఎందుకంటే ఇక్కడి కోర్టులోనే రెండు దారులున్నాయి.

సరుకు దాచుకునే కొట్టులోంచి దొంగతనం చేస్తే ఏడేళ్లదాకా శిక్ష వేయవచ్చు. చిన్న నేరమేమీ కాదు. అయినా పోయిన వస్తువు విలువ ఇరవై వేలు దాటకపోతే, దాన్ని మెజిస్ట్రేటు పొట్టి దారిలో విచారించాలని చట్టమే చెబుతోంది. సాక్షులు చెప్పినదాంట్లో సారం మాత్రం రాసుకుంటారు, తీర్పు క్లుప్తంగా ఉంటుంది, శిక్ష మూడు నెలలు మించకూడదు. నాలుగైదు వాయిదాల్లో అయిపోతుంది. విలువ ఇరవై వేలు దాటిందా, ఏడేళ్ల నేరం కాబట్టి మెజిస్ట్రేటుకి మనసున్నా పొట్టి దారి పట్టే వీల్లేదు. పొడుగు దారే. పోతురాజుకి కోపం చల్లారి, పోనీలే అనుకున్నా లాభం లేదు, యజమాని రాజీపడి ఎత్తేసుకునే సెక్షను కాదది.

ఇదంతా చెప్పి, వల ముప్పై ఎనిమిది వేలదట కదయ్యా అన్నాను.

ఈశ్వర్ నా వంక వింతగా చూశాడు. “ఆ వలా మేడమ్? ఆరేళ్లు లాగినాను నాను. దానికి మొత్తం అతుకులే.”

నాకు కోపం వచ్చింది, ముందు జోగయ్య మీద, తర్వాత నా మీద. మూడు రోజులు కేసు కాగితాల కట్ట నా బల్ల మీదే ఉంది, వల ఎలాంటిదని నేను ఒక్కసారైనా అడగలేదు. ఆదివారం బస్సెక్కి శ్రీకూర్మంలో దిగి, ఆటోలో గుల్లలపేట వెళ్లాను.

జోగయ్య ఇంటి ముందు రెండు రాటల మధ్య ఒక వల వేలాడుతోంది. దాని వెనక నేల మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. అరవై ఏడేళ్లు. ఎడమచేతికి మూడు వేళ్లే ఉన్నాయి. ఇరవై రెండేళ్ల వయసులో వల తాడు చుట్టుకుని రెండు తెగిపోయాయట. ఆ చేత్తో పడవ మీద పనికిరాడని ఒడ్డున దింపేశారు. అప్పటినుంచి నలభై అయిదేళ్లుగా దారం చుట్టిన వెదురు సూది పట్టుకుని చిరిగిన వలలు కడుతున్నాడు. మిగిలిన ఆ మూడు వేళ్ల మధ్య వల కన్ను బిగించి, కుడిచేత్తో సూది దూర్చి లాగుతుంటే చూపు తిప్పుకోలేం. చుట్టుపక్కల నాలుగు పేటల వలలు ఆయన దగ్గరికే వస్తాయని ఆటో అతను ముందే చెప్పాడు.

వల విలువ ఎలా కట్టావు తాతా అని అడిగాను. నిజానికి నిలదీశాను.

పోలీసులు వలని స్వాధీనం చేసుకునేటప్పుడు మధ్యవర్తి కావాలన్నారు, వలల సంగతి తెలిసినవాడని జోగయ్యని పిలిచారు. ఎంత చేస్తుందని అడిగారు. ఆయన కొత్త వల ధర చెప్పాడు. ఎందుకంటే ఆ ఒడ్డున ఎవరూ ఇంకొకరి వలని పాతదనరు. అంటే దానికి చేప పడదని నమ్మకం. ఎంత నలిగినా ‘సముద్రం ఎరిగిన వల’ అంటారంతే. జోగయ్యకైతే ఇంకో కట్టుబాటు కూడా ఉంది. వల బాగుచేసి యజమాని భుజం మీద వేసేటప్పుడు ‘కొత్త వల ఇత్తన్నాను, కొత్తగా ఏసుకో’ అని చెప్పి ఇవ్వాలి. ఎన్ని అతుకులు వేశాడో పైకి చెప్పకూడదు. చెప్పిన చేతికి ఇంకెవరూ వల ఇవ్వరు. ఆయన తండ్రి అలాగే ఇచ్చాడు, ఆయనా అలాగే ఇస్తున్నాడు.

“పోలీసోడైనా, పోతురాజైనా, వల వలే కదమ్మా. తక్కువ సేసి సెప్పడానికి నోరెలాగొస్తాది?” అన్నాడు.

ఆయన దృష్టిలో అది అబద్ధం కాదు, మర్యాద. ఆ మర్యాద ఈశ్వర్ మెడకి చుట్టుకుందని ఆయనకి తెలియదు. సాక్షికి వకీలు మాటలు నేర్పకూడదు, నేనూ నేర్పలేదు. ఇలా చెప్పు, అలా చెప్పు అనలేదు. మీరు చెప్పిన అంకె కోర్టులో ఏం చేస్తుందో మాత్రం చెప్పాను. ఇరవై వేలకి ఇవతల ఒక దారి, అవతల ఒక దారి అన్నాను. ఆయన సూది ఆగిపోయింది. నాలుక చివరతో దారం తడుపుకుని, మళ్లీ కట్టకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

ఆయన భార్య లక్ష్మణమ్మ గుమ్మంలో చేటలో ఎండుచేపలు ఏరుతూ అంతా విన్నది. నావైపు చూడకుండా మొగుడితోనే మాట్లాడింది. “కోర్టులో నువ్వు వల పాతదని సెప్తే రేపటినుంచి ఈ రాటలకి వల ఏలాడదు. మనకి నలుగురు కొడుకులున్నారేటి, కూకోబెట్టి పెట్టడానికి? ఆడు దొంగతనం సేసినాడు, ఆడు పడతాడు.”

ఆమె మాటలో తప్పు పట్టడానికి నాకేం దొరకలేదు. వాళ్లకి పిల్లలు లేరు. ఆ సూది తప్ప ఇంకో ఆదాయం లేదు. చెబితే ఆయన పని పోతుంది, చెప్పకపోతే ఈశ్వర్ ఏళ్లు పోతాయి. ఇంత ముడిని ఆ ముసలాయన ఒళ్లో పెట్టి వస్తున్నందుకు తిరుగు బస్సులో నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా మర్నాడు కోర్టులో పిటిషను వేశాను. వల విలువ పోలీసులు రాసింది సరికాదు, వలని తెప్పించి చూడాలి, ముద్దాయి తరఫున మా మాట విన్నాకే ఏ దారిలో విచారించాలో తేల్చాలి అని.

ప్రభుత్వ వకీలు నరసింగరావు గారు అభ్యంతరం చెప్పారు. మధ్యవర్తి సంతకం పెట్టిన కాగితం ఉండగా మళ్లీ విలువేమిటి, వలల బేరం పెట్టడానికి ఇది సంతా అన్నారు. కోర్టులో కొందరు నవ్వారు. మెజిస్ట్రేటు గారు నవ్వలేదు. ఏడేళ్ల నేరాన్ని పొట్టి దారిలో పెట్టాలన్నా, పెట్టకూడదన్నా ఆ అంకె మీదే ఆధారపడి ఉంది కాబట్టి, అంకె చెప్పిన మనిషినే పిలవండి, వలనీ తీసుకురండి అని వారం వాయిదా వేశారు.

ఆ వారం నేను గుల్లలపేట వెళ్లలేదు, ఫోను చేయలేదు. జోగయ్య ఏం చెబుతాడో నాకు తెలియదు.

వాయిదా రోజున ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. వెనక బెంచీ మీద పోతురాజు, గుల్లలపేట వాళ్లు ఏడెనిమిది మంది ఉన్నారు. ఈశ్వర్ ముద్దాయి చోట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కానిస్టేబుళ్లు ఇద్దరు వల మూట తెచ్చి నేల మీద పరిచారు. చేపల వాసన గదంతా నిండింది. ప్రమాణం చేయించాక మెజిస్ట్రేటు గారు అడిగారు, ముప్పై ఎనిమిది వేలని మీరే చెప్పారా అని.

చెప్పానన్నాడు. అది కొత్త వల ధర అన్నాడు. మరి ఈ వల ధరెంత అని అడిగారు ఆవిడ. జోగయ్య వెనక్కి తిరిగి పోతురాజు వైపు చూశాడు. పోతురాజు నేల వైపు చూస్తున్నాడు.

“ఇది తొమ్మిదేళ్ల వలమ్మా,” అన్నాడు జోగయ్య. “అమ్మితే పద్నాలుగు వేలకి మించి ఎవుడూ కొనడు.”

నరసింగరావు గారు ఊరుకుంటారా? కాగితం మీద ఒక మాట, బోనెక్కి ఒక మాట, ముద్దాయి మీ ఊరివాడని జాలిపడుతున్నారా, పద్నాలుగు వేలని దేన్నిబట్టి చెబుతున్నారు అని గట్టిగా అడిగారు. అడగాల్సిన ప్రశ్నే.

జోగయ్య అనుమతి అడిగి బోను దిగాడు. వల పక్కన గొంతుకూర్చుని, బెండ్లు కట్టిన పైతాడు కొస వెతికి పట్టుకున్నాడు. మూడు వేళ్లతో తాడుని తడుముతూ పోయి ఒకచోట ఆగాడు. తాడు మెలికల్లో కలిసిపోయిన బియ్యపు గింజంత ముడి. దాని పక్కన ఇంకొకటి. మరొకటి. తను వేసిన ప్రతి అతుక్కీ ఒక ముడి అని చెప్పాడు. నలభై అయిదేళ్లుగా తన చేతికొచ్చిన ప్రతి వలకీ అలా వేస్తున్నాడట. నోటితో చెప్పకూడని లెక్క తాడులో దాచుకున్నాడు. ముడులు మరీ పెరిగిన వల వస్తే, ఈ ఏడాదికి దీన్ని నిద్రపోనీ అని యజమానికి ఏదో వంక పెట్టి చెప్పేవాడు. లోతు నీళ్లలో పాత వల తెగితే దాంతో పాటు మనుషులు కూడా పోతారని ఆయన భయం. ఈ ముడుల సంగతి లక్ష్మణమ్మకి కూడా తెలియదు.

అందరి ముందూ పైకి లెక్కపెట్టాడు. పదికోసారి ఆగి ఊపిరి తీసుకున్నాడు. గుమాస్తా టైపు కొట్టడం ఆపాడు. నలభై దాటేసరికి పోతురాజు లేచి బయటికి వెళ్లిపోయాడు, అతని వెనకే మిగిలినవాళ్లూ వెళ్లారు. వాళ్ల చెప్పుల చప్పుడు విని కూడా జోగయ్య ఆపలేదు. నూటపద్నాలుగు దగ్గర తాడు అయిపోయింది. లేవబోయి తూలితే నేనే వెళ్లి పట్టుకున్నాను.

మెజిస్ట్రేటు గారు కారణాలు రాసుకున్నారు. వస్తువు విలువ ఇరవై వేలకి లోపు, కాబట్టి సంక్షిప్త విచారణ అని చదివి వినిపించారు. తర్వాతి వాయిదాకి ఈశ్వర్‌ని నేరం ఒప్పుకుంటావా అని అడిగారు. ముందే అతనికి అన్నీ చెప్పి ఉంచాను, ఒప్పుకోకపోతే సాక్షులని అడిగే హక్కు నీకుంది అని కూడా చెప్పాను. ఒప్పుకుంటున్నానన్నాడు. ఉక్రోషంతో తీశాను, అమ్ముకోవడానికి కాదు అన్నాడు. జైల్లో గడిపిన ఇరవై ఆరు రోజులే శిక్షగా లెక్కకట్టి వదిలేశారు. అది జూలై ఇరవై తొమ్మిది. ఆగస్టు అయిదున ఈశ్వర్ ఆమదాలవలసలో రైలెక్కాడు. ఎక్కేముందు నాకు ఫోను చేశాడు. నాకు చెప్పాల్సిన కృతజ్ఞత ఏదో మొహమాటంగా చెప్పి, జోగయ్య తాత ఇంటికి వెళ్తే కళ్లెత్తి చూడలేకపోయానన్నాడు.

ఎందుకో తర్వాత తెలిసింది. జోగయ్య కోర్టులో ముడులు లెక్కపెట్టిన సాయంత్రమే గుల్లలపేటలో ప్రతివాడూ తన వల పైతాడు తడిమి చూసుకున్నాడు. ముడులు ఉన్నాయి. అన్ని వలలకీ ఉన్నాయి. కొందరు రాత్రి దీపాలు పెట్టుకుని మరీ లెక్కపెట్టుకున్నారట. కొందరు కత్తితో కోసి పారేశారట. మర్నాడు జోగయ్య రాటల మీదున్న వలని దాని యజమాని సగం పనిలోనే విప్పుకుపోయాడు. ఆ తర్వాత ఇంకో వల రాలేదు. లక్ష్మణమ్మ చెప్పినట్టే జరిగింది. ఆమె చేపల గంప నెత్తినెట్టుకుని ఊళ్లు తిరగడం మళ్లీ మొదలుపెట్టింది, అరవై రెండేళ్ల వయసులో.

నాకు వెళ్లే మొహం లేక చాలా రోజులు వెళ్లలేదు. అక్టోబరులో ఈశ్వర్ భార్యకి తీర్పు కాపీ ఇవ్వాల్సి వచ్చింది. ఇచ్చేసి, వెనుదిరిగి వచ్చేద్దామనుకున్నా కాళ్లు జోగయ్య ఇంటివైపే తిరిగాయి.

రాటల మధ్య వల ఉంది.

పోతురాజుది. కోర్టు తిరిగిచ్చిన వల. ఇంకో ఊరి మనిషి చేత కట్టించుకున్నాడట, కన్నులు సరిపోక మొదటి వేటలోనే అయిదుచోట్ల చిరిగింది. తెల్లారగట్ల తెచ్చి రాటలకి తనే తగిలించి, అరుగు మీద కూర్చున్నాడట. నేను వెళ్లేసరికి పని చివరికి వచ్చింది. ఇరుగుపొరుగు నలుగురైదుగురు పని ఉన్నట్టు అటూ ఇటూ తిరుగుతున్నారు. అందరికీ కావల్సింది ఒకటే, వల ఇచ్చేటప్పుడు జోగయ్య ఏమంటాడని.

జోగయ్య దారం తెంపి, వల మడిచి, పోతురాజు భుజం మీద వేశాడు. నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు. కొత్త వల అనే మాట ఇంక ఆ నోటికి రాదు. అది తెలిసి నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

“మావా, ముడులేసినావా?” అన్నాడు పోతురాజు.

“అయిదేసినాను.”

పోతురాజు వల మళ్లీ దించాడు. అరుగు మీద కూర్చుని, పైతాడు కొస వెతుక్కుని, అందరికీ వినపడేటట్టు మొదటినుంచి లెక్కపెట్టాడు. మధ్యలో రెండుసార్లు తప్పాడు. రెండుసార్లూ జోగయ్య సర్దాడు. నూటపంతొమ్మిది దగ్గర ఆగి, సరిపోయిందన్నట్టు తలూపి, వల భుజానికెత్తుకుని సముద్రం వైపు నడిచాడు. పక్కింటి ఆడమనిషి లోపలికి వెళ్లి, మొగుడి వల ఈడ్చుకుంటూ జోగయ్య రాటల దగ్గరికి తెచ్చింది.